తాళంచెవి టీకి వెళ్ళింది

రాత్రి పదకొండు దాటింది. అత్తయ్య మందులేసుకుని పడుకున్నారు. నాకే నిద్ర పట్టట్లేదు. పొద్దున బళ్ళో జరిగింది ఇంట్లో చెప్తే అందరూ నవ్వారు. మీరూ నవ్వుతారేమో, అయినా రాసేస్తే ఓ పనైపోతుంది.

అగ్నిమాపక వారోత్సవాలు కదా. ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 దాకా. ఫైర్ స్టేషన్ వాళ్ళొచ్చి డెమో ఇస్తారు, తర్వాత మాక్ డ్రిల్ ఉంటుంది అని రెండ్రోజుల ముందే మా గ్రూపులో మెసేజొచ్చింది. చివర్లో "ఫోటోలు తప్పనిసరి" అని, పక్కన మూడు దణ్ణాల బొమ్మలు. ఆ దణ్ణాలు చూస్తేనే నాకు ఒళ్ళు మండుతుంది.

ఈ గోడు మీకు కొత్త కాదు. మరుగుదొడ్డి ఫోటో, గుడ్డు ఫోటో, చిక్కీ ఫోటో, మొక్క నాటినట్టు ఫోటో, ఆ మొక్క ఇంకా బతికే ఉన్నట్టు మళ్ళీ ఫోటో. రేపు నిజంగా బడికి నిప్పంటుకున్నా ముందు మంట ఫ్రేములో పడిందో లేదో చూసుకుని, అప్పుడు బిందె ఎత్తుతాం.

వచ్చిన ఫైరాయన మాత్రం మంచివాడు. ఒంటిపూట బడి ఎండలో ఆ బూట్లు, ఆ టోపీ పెట్టుకుని గంటసేపు విసుక్కోకుండా చెప్పాడు. గ్యాస్ సిలిండరు వెలిగించి, తడి గోనెసంచి కప్పి ఆర్పడం ఒక పిల్లాడి చేతే చేయించాడు. ఒంటిమీద బట్టలంటుకుంటే పరిగెత్తొద్దు, కింద పడి దొర్లండి అన్నాడు. పొగలో నిలబడొద్దు, ముక్కుకి తడిగుడ్డ పెట్టుకుని పాకండి అన్నాడు. పాకమనగానే మా తొమ్మిదో క్లాసు మగపిల్లలు గ్రౌండు సగం పాకేశారు. యూనిఫాంల సంగతి వాళ్ళమ్మలకే తెలియాలి.

మధ్యలో నేనూ ఊరుకోలేదు, సోషల్ టీచర్ని కదా. 14వ తేదీయే ఎందుకో చెప్పా. 1944లో ఆ రోజున బొంబాయి విక్టోరియా డాక్‌లో ఓడ అంటుకుని పేలిపోయిందనీ, ఆర్పడానికి వెళ్ళిన ఫైర్ సిబ్బందిలో 66 మంది పోయారనీ, ఓడలో దూదిబేళ్ళూ పేలుడు సరుకూ రెండూ ఉన్నాయనీ. ఎనిమిదో తరగతి వాడొకడు లేచి, "ఆ రెండూ ఒకే ఓడలో ఎవరేశారు టీచర్?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఫైరాయన నవ్వి, మీ మెట్ల కింద ఏముందో చూశావా అన్నాడు వాడితో. మా మెట్ల కింద విరిగిన బెంచీలు, పాత జవాబుపత్రాల మూటలు, ఎన్నికలప్పుడు పోలింగుకి కట్టిన తడికలు. ఉన్నది ఒక్కటే మెట్లదారి. అంటే రెండోది ఉంది, దానికి గ్రిల్లు ఉంది, గ్రిల్లుకి తాళం ఉంది. ఆ సంగతికి వస్తా.

ముందు హెచ్చెమ్ గారి గదిలో మంటలార్పే సిలిండరు. ఎర్రది, బీరువా పక్కన మేకుకి వేలాడుతూ ఉంటుంది, దానికి ఎవరో గొడుగు తగిలించారు. ఫైరాయన గొడుగు తీసి పక్కనబెట్టి, మీటరు చూశాడు. ముల్లు ఎరుపులో ఉంది. సిలిండరు తలకిందులు చేసి అరచేత్తో అడుగున తట్టాడు, చెవి దగ్గర పెట్టుకున్నాడు. "పొడి కదలట్లేదండి. వానాకాలం పంచదార డబ్బాలా గడ్డకట్టేసింది" అన్నాడు. దానికున్న చీటీ మీద మళ్ళీ నింపాల్సిన తేదీ పోయి రెండేళ్ళు. హెచ్చెమ్ గారు అది పాత హెచ్చెమ్ హయాం నాటిదన్నారు. ఈయనొచ్చి మూడేళ్ళు.

ఇక డ్రిల్లు. లాంగ్ బెల్ కొట్టాలి, పిల్లలు వరసగా దిగి గ్రౌండులో వేపచెట్టు దగ్గర నిలబడాలి. కొట్టారు. మా బళ్ళో లాంగ్ బెల్ అంటే ఇంటికి బెల్లు అని ఆరో క్లాసు వాడికి కూడా తెలుసు, ప్లాన్ వేసిన మా పెద్దవాళ్ళకి తట్టలేదు. పిల్లలంతా బ్యాగులు తగిలించుకుని మెయిన్ గేటుకేసి ఒకటే పరుగు. కొందరు భోజనం ముందే పెట్టేస్తున్నారనుకుని కంచాలు పట్టుకుని వంటగది దగ్గర క్యూ కట్టేశారు. వాళ్ళని వెనక్కి మళ్ళించేసరికి పీఈటీ సారు విజిల్ ఊది ఊది గొంతు పోయినవాడిలా అయిపోయాడు.

మా మేడమీద క్లాసులు వెనక మెట్ల నుంచి దిగాలి. గ్రిల్లు దగ్గరికి వెళ్తే తాళం. తాళంచెవి అటెండరు దగ్గర. అటెండరెక్కడ? ఫైర్ వాళ్ళకి టీలు తేవడానికి సెంటర్‌కెళ్ళాడు! నా వెనక నాలుగు క్లాసుల పిల్లలు ఆ సందులో ఇరుక్కుని ఒకళ్ళనొకళ్ళు తోసుకుంటున్నారు. ఆడుతూ తోసుకుంటున్నారు, నవ్వుతున్నారు. ముందున్న చిన్నపిల్ల చెంప గ్రిల్లుకి ఆనుకుపోయి, మళ్ళీ లాగితే ఊచల గీతలు పడున్నాయి బుగ్గ మీద. అది కూడా నవ్వుతూనే ఉంది. నాకు మాత్రం కడుపులో తిప్పింది. 2004 జులైలో తమిళనాడులోని కుంభకోణం ఊళ్ళో బడి తగలబడిన వార్త చదివినప్పుడు నేనింకా బీఈడీలో కూడా చేరలేదు. వంటచేసే చోట లేచిన నిప్పు ఆకుల కప్పుకి పాకి 94 మంది పసిపిల్లలు పోయారు. తర్వాత దాని మీద వేసిన వ్యాజ్యంలోనే 2009లో సుప్రీంకోర్టు ప్రతి బళ్ళోనూ మంటలార్పే పరికరాలు ఉండాలనీ, టీచర్లకి వాటి వాడకం నేర్పాలనీ చెప్పింది. నేర్పడం ఈరోజు జరిగింది, సరే. పరికరం మీద గొడుగుంది.

వెనక్కి తిప్పి ముందు మెట్లమీంచే దింపా. ఎలాగో కిందికొచ్చాం. మా ఎనిమిది బి వరసలో నిలబడ్డారు. ఫోటో తీస్తున్నారు. హెచ్చెమ్ గారు అరిచారు, "మేడమ్, లెక్క సరిపోయిందా?" అని.

ఇక్కడ కాస్త ఆగుతా.

1996లో నేను ఏడో తరగతి. ముమ్మిడివరం దగ్గర మా ఊరు, మీకు తెలిసిందే. దీపావళి నాలుగు రోజుల్లో ఉందనగా నవంబరు 6న, బుధవారం రాత్రి, తుపాను. మా అన్నయ్యా నేనూ పేపరు గొట్టాలు చుట్టి మతాబులు కూరాం, పళ్ళెంలో పెట్టి ఎండబెట్టాం. ఆ రాత్రి మా పెంకులు లేచిపోతుంటే నేను ఏడ్చింది ఆ పళ్ళెం కోసం. తెల్లారి చూస్తే కొబ్బరిచెట్లన్నీ ఒకే పక్కకి పడున్నాయి, ఎవరో దువ్వెన పెట్టి దువ్వినట్టు. బడి రేకులు చెరువులో తేలుతున్నాయి.

రెండో రోజో మూడో రోజో సరిగ్గా గుర్తులేదు. మా తెలుగు మాస్టారు పంచె మోకాళ్ళ పైకి కట్టుకుని, చంకలో పాలిథిన్ కవరు చుట్టిన హాజరుపట్టీ పెట్టుకుని వీధి వీధీ తిరిగారు. పడిపోయిన చెట్లు దాటుకుంటూ ఒక్కో ఇంటి ముందు ఆగి పేరు పిలిచేవారు. మేం లోపల్నుంచి "ప్రెజెంట్ సార్" అనాలి. మా పెద్దమ్మ "ఏంటి మాస్టారూ, ఇప్పుడు బడేంటి" అని కసిరింది, తినడానికి తిండి లేదు ఇంట్లో. ఆయనేమీ అనలేదు. అన్నయ్య పేరు పిలిచారు, వాడు పలికాడు. నా పేరు పిలిచారు. నేను సిగ్గుపడి పలకలేదు, తలుపు వెనక నిలబడ్డా. ఆయన వెళ్ళిపోలేదు. మళ్ళీ పిలిచారు. మూడోసారి పిలిచారు. అమ్మ "ఉందిలెండి మాస్టారూ, లోపలుంది" అంది. "కనబడమనమ్మా" అన్నారు. బయటికొచ్చి నిలబడితే నా మొహం చూసి అప్పుడు పెన్సిలుతో టిక్కు పెట్టుకున్నారు. పెన్నయితే తడికి అలుక్కుపోతుందని కాబోలు.

అప్పట్లో ఆయన్ని చాదస్తం మనిషి అనుకునేవాళ్ళం. చాదస్తమే మరి, అరసున్నకి కూడా మార్కు కోసేవారు.

ఇందాకట్నుంచీ ఫోటోల మీదా, దణ్ణాల మీదా, టీ మీదా పడి ఏడుస్తున్నా. అవన్నీ నిజమే, ఒక్కటీ వెనక్కి తీసుకోను. కానీ నిద్ర పట్టనిది వాటివల్ల కాదు.

లెక్క సరిపోయిందా అనగానే నేను "సరిపోయింది సార్" అన్నా. లెక్కపెట్టలేదు. హాజరు రిజిస్టరు ఆఫీసులో ఉంది. ఆన్‌లైన్ హాజరు నా ఫోన్లో ఉంది. నా ఫోను, కెమెరా బాగుంటుందని, సైన్సు టీచర్ చేతిలో ఉంది, ఫోటోలు తీస్తోంది. ఎండ మండిపోతోంది, వరస నిండుగానే కనిపించింది, అనేశా. 42 మంది రావాలి.

భోజనాల దగ్గర ఒక పిల్ల, ఎప్పుడూ మాట్లాడదు, గుడ్డు ఒలుచుకుంటూ మెల్లిగా నా పక్కకొచ్చింది. "టీచర్, బెల్ కొట్టినప్పుడు నేను బాత్రూంలో ఉన్నా. బయటికొస్తే పైనెవరూ లేరు. భయమేసి అక్కడే కూర్చున్నా" అంది. ఎంతసేపు అంటే, "మీరందరూ చప్పట్లు కొట్టేదాకా" అంది. అంటే డ్రిల్లు మొత్తం.

నేనేమన్నానో తెలుసా? చుట్టూ చూసి, "సరేలే, ఎవరికీ చెప్పకు" అన్నా.

అది తలూపింది. గుడ్డు తింది. ఇంటికెళ్ళిపోయింది.

మా ఆయనకి చెప్తే, ఉత్తుత్తి మంటే కదా అన్నాడు. చిన్నాడు, "అమ్మా, నువ్వు కూడా ఫోటోకే నిలబడ్డావన్నమాట" అన్నాడు. వాడికి ఈమధ్య నోరెక్కువైంది. అన్నం పెడుతూ గరిట గట్టిగా తగిలించా కంచానికి.

హెచ్చెమ్ గారి గురించి పైన వెటకారంగా రాశా, ఉంచుతా, ఆ గొడుగు ఆయనదే. కానీ బళ్ళో లెక్క అడిగింది ఆయనొక్కడే. రెండుసార్లు అడిగాడు పాపం. పొద్దున్నే వెళ్ళి ఆ పిల్ల సంగతి చెప్పాలి, నేను అబద్ధమాడానని కూడా. తర్వాత అడగాల్సినవి: నిప్పు బెల్లుకి ఇంటికి బెల్లు కాకుండా వేరే మోత, ఆగి ఆగి మూడుసార్లు కొడితే చాలు. గ్రిల్లు తాళంచెవి ఇంకోటి చేయించి మేడమీద క్లాసులోనే మేకుకి తగిలించడం. బాత్రూములు చూసొచ్చే పని ఒక మనిషికి అప్పజెప్పడం, ఎవరో ఒకరు కాదు, ఫలానా మనిషి. క్లాసుకో అట్టముక్క మీద పేర్లు రాసి తలుపు వెనక కట్టడం, దిగేటప్పుడు చేతికి తీసుకుని దిగేలా. దేనికీ ఎవరి అనుమతీ అక్కర్లేదు, ఖర్చు తాళంచెవికి తప్ప లేదు. ఆ పిల్లకి ఏం చెప్పాలో మాత్రం ఇంకా తెలియలేదు. చెప్పకు అన్నది నేనే, ఇప్పుడు చెప్పమంటే ఎలా ఉంటుంది?

అట్టముక్క అనుకున్నా కదా, చిన్నాడి కొత్త చొక్కా డబ్బాలోంచి ఒకటి తీసి, ఎనిమిది బి పేర్లు చూడకుండా రాద్దామని కూర్చున్నా. ఏడాదంతా రోజూ పిలిచిన పేర్లే. పెన్సిలుతోనే రాస్తున్నా. ముప్ఫై తొమ్మిది దాకా గబగబా వచ్చేశాయి. ఆ పిల్ల పేరు ముప్ఫై ఎనిమిదోది. ఇంకో ముగ్గురు ఎవరో ఎంత ఆలోచించినా తట్టట్లేదు.