కార్తీకంలో కారవాన్ ప్రయాణం

ఒంగోలు నుంచి పులికాట్ దాకా సముద్రం వెంబడి కారవాన్‌లో వెళ్దామంటే ఇంట్లో ఎవరూ కాదనలేదు. పేచీ అంతా ఎప్పుడన్న దగ్గరే. నేను సంక్రాంతి సెలవులన్నాను. అమ్మ కార్తీక పౌర్ణమికి సముద్ర స్నానం అంది, ఇక ఆ మాట మీదే ఉంది. మన వైపు ఏడాది వానలో పెద్ద వాటా అక్టోబరు నుంచి డిసెంబరు లోపే కురుస్తుంది. హైదరాబాదు వాళ్ళు గొడుగులు మడిచి లోపల పెట్టాక మనం బయటికి తీస్తాం. అయినా అమ్మ మాటే నెగ్గింది.

బండి చెన్నైలో దొరికింది. టెంపో ట్రావెలర్‌ని మార్చి చేసింది. నలుగురికి పడక, చిన్న సింకు, టాయిలెట్, పైన సోలార్ ప్యానెల్. అంతకుముందు ఇద్దరు తెల్ల నంబరు బోర్డున్న సొంత బండ్లు తక్కువకే ఇస్తామన్నారు, వద్దన్నాను. మనమే నడుపుకునే అద్దె బండికి నల్ల బోర్డు మీద పసుపు అక్షరాలు ఉండాలి. లేకపోతే ఏదైనా జరిగిన రోజున ఇన్సూరెన్సు వాళ్ళు తిరకాసు పెడతారు.

'ఒక్క చుక్క కారదు సార్' అన్నాడు ఓనరు. ఒంగోలు తెచ్చాక తిన్నగా వాటర్ సర్వీసింగ్ షెడ్డుకి తీసుకెళ్ళి, కుర్రాడితో పది నిమిషాలు టాపు మీద పైపు కొట్టించాను. నేను లోపల టార్చి పట్టుకుని కూర్చున్నా. గాలి కిటికీ అంచు నుంచి నీళ్ళు సరిగ్గా అమ్మ పడుకోవాల్సిన పరుపు మీద పడుతున్నాయి. సిలికాన్ పూయించి, ఆరనిచ్చి, మర్నాడు మళ్ళీ కొట్టించాను. ఈ మొత్తం ప్రయాణంలో నేను చేసిన తెలివైన పని ఇదొక్కటే అనుకుంటా.

దారి దగ్గర మాత్రం నా తెలివి చాల్లేదు. కొత్తపట్నంలో ఒక రాత్రి, పాకలలో ఒకటి, రామాయపట్నం, మైపాడు అని కాగితం మీద రాసుకుని, కొత్తపట్నం వైపు రొయ్యల చెరువులు చేసే మా బావకి చూపించాను.

'బావా, కాలవ దాటి రాత్రిళ్ళు పడుకోమాకండి' అన్నాడు.

బకింగ్‌హామ్ కాలవ సంగతి. మన దగ్గర అది హైవేకీ సముద్రానికీ మధ్య పోతుంది. ఏ బీచ్‌కి పోవాలన్నా దాన్ని దాటాల్సిందే. పడమటి నుంచి వచ్చే వాన నీళ్ళన్నీ వాగుల్లో దిగి అటే చేరతాయి. రాత్రి గట్టి వాన పడితే పొద్దునకి వచ్చిన దారే ఉండకపోవచ్చు. పక్కదారి పడదామంటే చెరువు గట్లు తడిసి మెత్తబడతాయి, ఇంత బండి తిప్పుకునే జాగా ఉండదు. ఈ ముక్క ఏ మ్యాపులోనూ కనపడలేదు నాకు.

దాంతో ప్లాన్ అంతా కొట్టేసి మళ్ళీ రాశాను. చేప వెన్నెముకలా హైవే మధ్యలో, బీచ్‌లు దాని ముళ్ళు. పొద్దున ఒక ముల్లు మీదికి వెళ్ళడం, సాయంత్రం నాలుగింటికల్లా వెనక్కి హైవే ఎక్కడం. పడక సింగరాయకొండ, కావలి, నెల్లూరుల్లో. మబ్బులో సోలార్ ఎందుకూ పనికిరాదు కాబట్టి పదిహేను ఆంపియర్ల ప్లగ్గు కావాలి. కల్యాణ మండపాలకి ఫోన్ చేస్తే కార్తీకం కదా, అన్నీ ముహూర్తాలే. కావలిలో ఒకాయన ఐదొందలకి ఒప్పుకున్నాడు. మిగతా చోట్ల పెట్రోలు బంకులే. డీజిల్ నిండా కొట్టించి అడిగితే కాదనలేదు.

ఇంకో నిబంధన పెట్టుకున్నాం. అల్పపీడనం అంటే వెళ్దాం, అది ముదిరి వాయుగుండం అంటే నెల్లూరు ముందొచ్చే పెన్నా నది దాటొద్దు. 2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది, కోవూరు దగ్గర హైవే కూడా తెగింది. అప్పుడు మా పెదనాన్న గూడూరు నుంచి ఇల్లు చేరడానికి పడ్డ పాట్లు ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటాం. బండి ఎత్తు తొమ్మిదిన్నర అడుగులని స్టీరింగు దగ్గర ప్లాస్టర్ మీద రాసి అంటించాను. నెల్లూరులో వాన పడితే మాగుంట లేఅవుట్ అండర్ బ్రిడ్జి చెరువైపోతుంది, ఎత్తు సరిపోయినా అటు పోకూడదు.

పౌర్ణమి రోజు కొత్తపట్నంలో అమ్మ స్నానం బాగా జరిగింది. కారవాన్ చూసి ఏ హీరో వచ్చాడా అని జనం మూగారు. లోపలి నుంచి తడి చీరతో అమ్మ దిగేసరికి నిరాశపడ్డారు పాపం. పాకలలో నీళ్ళకి దగ్గరగా ఆపాలన్న ఆశకి వెనక చక్రాలు ఇసకలో కూరుకుపోయాయి. ట్రాక్టరాయన ఎనిమిది వందలు తీసుకున్నాడు. రెండు రోజులు వాన పడుతూనే ఉంది. పరుపు మాత్రం తడవలేదు.

కావలిలో పడుకుని లేచేసరికి వాయుగుండం అన్నారు. పెన్నా ఇవతలే బండి వెనక్కి తిప్పాను. పులికాట్ చూడలేదు, మైపాడూ చూడలేదు. మా వాడు ఒంగోలు దాకా మాట్లాడలేదు. తుఫాను కాకుండానే అది బలహీనపడిపోయిందని ఇల్లు చేరాక టీవీలో చెప్పారు. ఆ రాత్రి వాడి ముఖం చూడలేకపోయాను.

బండి అప్పగించాక ఓనరు డిపాజిట్‌లో పదిహేను వందలు కోసుకున్నాడు. లోపల ఇసక ఊడ్చినందుకట. కిటికీకి పూయించిన సిలికాన్ ఊసే ఎత్తలేదు.