అమ్మ అడుగు, నా అడుగు

అమ్మ మోకాళ్ల నొప్పులు చూసిన డాక్టరుగారు రోజుకు మూడు కిలోమీటర్లు నెమ్మదిగా నడవమన్నారు. ఫోను చూపించేదేమో అడుగుల సంఖ్య. ఈ రెంటికీ లంకె కుదర్చాలని ఈ రోజు ఎండ ముదరకముందే ఇద్దరం ప్రకాశం బ్యారేజీకి వెళ్లి, విజయవాడ వైపు నుంచి సీతానగరం వైపుకు ఎవరి అడుగులు వారు లెక్కపెట్టుకుంటూ నడిచాం. 1957లో పూర్తయిన ఆ కట్టడం పొడవు 1223.5 మీటర్లు కనుక అంతకన్నా మంచి కొలబద్ద నాకు తోచలేదు.

అవతలి ఒడ్డు చేరేసరికి నావి దాదాపు 1800 అడుగులు, అమ్మవి 2225. "నీ పక్కనే నడిచాను కదే, నాకెందుకు అన్ని ఎక్కువ వచ్చాయి?" అని అమ్మ ఆశ్చర్యపోయింది. పొడవును అడుగులతో భాగిస్తే నా అడుగు 68 సెంటీమీటర్లు, ఆమెది 55. స్త్రీల ఎత్తును 0.413తో గుణిస్తే అడుగు నిడివి వస్తుందని ఒక సూత్రం వాడుకలో ఉంది. నా 165 సెంటీమీటర్ల ఎత్తుకు అది చక్కగా సరిపోయింది. 152 సెంటీమీటర్ల ఎత్తున్న అమ్మకు ఆ లెక్కన 63 రావాలి; అయితే కుడికాలు వేశాక ఎడమకాలిని దాని కన్నా కొద్దిగా ముందుకు మాత్రమే జరిపి, మడమ ఆనిందని నిశ్చయించుకున్నాకే బరువు మోపే మనిషి నడకను ఎత్తు ఒక్కటే ఎలా చెప్పగలదు?

ఈ తేడా చిన్నది కాదు. సూత్రాన్ని నమ్మితే 5000 అడుగులకే ఆమె మూడు కిలోమీటర్లు దాటినట్లు, నిజానికి నడిచింది 2.75 మాత్రమే. మూడు పూర్తి కావాలంటే సుమారు 5450 అడుగులు పడాలి. అందరూ చెప్పుకునే పదివేల అడుగుల లక్ష్యం 1965లో జపాన్‌లో అమ్మకానికి వచ్చిన మాన్పోకెయ్ అనే అడుగులు లెక్కించే పరికరంతో ప్రచారమైంది. అవే పదివేలు నాకు 6.8 కిలోమీటర్లు, అమ్మకు 5.5. ఒకే సంఖ్యను ఇద్దరికీ లక్ష్యంగా పెట్టడం న్యాయం కాదని నా గట్టి అభిప్రాయం.

ఇంటికి వచ్చి అమ్మ ఫోనులో అడుగు నిడివిని 55గా మార్చాను. వంటింట్లో తిరిగే అడుగులు ఇంకా చిన్నవి కనుక వాటిని ఈ లెక్కలో కలపకుండా, నడకకు బయలుదేరినప్పటి అంకెను, తిరిగి వచ్చాక కనిపించే అంకెను క్యాలెండరు మీద రాసుకోమని చెప్పాను.