మీటరు నేల, ఎనిమిదో తరగతి: నా అనుభవం

ఆవరణ వ్యవస్థ పాఠం (ఒక చోట ఉండే జీవులకూ, చుట్టూ ఉన్న ప్రాణం లేనివాటికీ ఉండే సంబంధం గురించి) వరస ప్రకారమైతే ఇంకా చాలా తర్వాత వస్తుంది. కానీ తొలకరి పడ్డాక నేల మీద కనిపించేవి అప్పటికి ఉండవు కాబట్టి నేనే ముందుకు జరిపి, ఎనిమిదో తరగతికి ప్రాజెక్టుగా ఇచ్చేశాను: మీటరు నేలలో ప్రాణం ఉన్నవి ఒక గడిలో, లేనివి ఇంకో గడిలో రాయడం. కావాల్సింది పెద్దగా ఏమీ లేదు, నాలుగు పుల్లలు, పురికొస, స్కేలు, ల్యాబ్ థర్మామీటరు. జ్వరం చూసేది మాత్రం పనికిరాదు, అది 35 నుంచి 42 డిగ్రీల వరకే చూపిస్తుంది.

రెండు చోట్ల మీటరు చొప్పున చదరాలు కట్టాం. ఒకటి గ్రౌండ్ మధ్యలో, ఎర్ర చెలక నేల. ఇంకోటి మధ్యాహ్న భోజనం ప్లేట్లు కడిగే కుళాయి వెనక, గోడ నీడలో. ఒకటే చోటు చూసుంటే జాబితా వచ్చేది తప్ప పోల్చడానికేమీ ఉండేది కాదు, ఎవరైనా చేయాలనుకుంటే రెండు చోట్లు తప్పకుండా పెట్టుకోండి.

"ఏం లేదు మేడం, గడ్డే." మొదటి మాట అదే. సరే, కాసేపు మాట్లాడకుండా కూర్చోండి అన్నాను. పిల్లల్ని మాట్లాడకుండా కూర్చోబెట్టడమే ఈ మొత్తంలో కష్టమైన పని, ల్యాబ్ పరికరాలేవీ దానికి సాయం చేయవు! ఆ తర్వాత ఒక్కోటీ బయటపడ్డాయి. కుళాయి దగ్గర తుంగ, గరిక, నేల ఉసిరి, మెతుకుల కోసం వరస కట్టిన చీమలు. రాయి తిరగేస్తే దాని కింద చుట్ట చుట్టుకున్న రోకలిబండ పురుగు, తడి మట్టిలోకి జారిపోతున్న వానపాము. గ్రౌండ్ మధ్యలో గడ్డిచామంతి, పల్లేరు, ఓ పక్క వయ్యారిభామ. దాన్ని ముట్టుకోవద్దని ముందే చెప్పాను, ఒంటికి పడనివాళ్లకు దురద, దద్దుర్లు వస్తాయి. పైగా పక్కన వేరే మొక్కల్ని సరిగా ఎదగనివ్వని రసాయనాలు దాన్లో ఉంటాయి.

అందరూ ఎగబడింది మాత్రం ఆరుద్ర పురుగు మీదే. ఎర్ర మఖమల్ ముక్కకు కాళ్లొచ్చినట్టు ఉంటుంది కదా. ఓ పిల్ల అరచేతిలో పెట్టుకుంటే కాళ్లు ముడుచుకుని కదలకుండా ఉండిపోయింది, కాసేపటికి మళ్లీ లేచి నడిచింది. లెక్కపెట్టండి అంటే ఎనిమిది కాళ్లు. అంటే కీటకం కాదు, సాలీడు బంధువు. బోర్డు మీద ఇదే విషయం ఎన్నిసార్లు చెప్పినా ఎక్కదు.

ప్రాణం లేనివి రాయమంటే రాళ్లు, మట్టి, చాక్లెట్ కవరు రాసి ఆపేశారు. వేడి, వెలుతురు, తేమ, గాలి ఒక్కరూ రాయలేదు, కంటికి వస్తువులా కనిపించవు కదా. అప్పుడు థర్మామీటరు తీశాం. మధ్యాహ్నం ఎండలో నేల పైపొరలో పెట్టి చూస్తే రెండు చోట్లకీ తేడా పది డిగ్రీల పైనే. రెండు చోట్ల మట్టినీ విడివిడిగా సీసాల్లో వేసి, నీళ్లు పోసి గట్టిగా కుదిపి పెట్టాం. ఇసుక నిమిషంలోపే అడుగుకు చేరింది, ఒండ్రుకు గంటలు పట్టింది, బంకమట్టి నీళ్లు మర్నాటికి కూడా పూర్తిగా తేరుకోలేదు. గ్రౌండ్ మట్టిలో దాదాపు అంతా ఇసుకే. "అందుకే అక్కడ వానపాము లేదా మేడం?" అని అడిగాడు వెనక బెంచీవాడు. అందుకే కాదు, అది కూడా ఒక కారణం అన్నాను. వానపాము చర్మంతోనే గాలి పీలుస్తుంది, ఆ చర్మం తడిగా ఉండాలి. ఇసుక నేల నీటిని నిలుపుకోదు, పైన ఎండ, నీడా లేదు. నాకు కావాల్సింది ఈ ప్రశ్నే. నిర్జీవ అంశాల గడి చూస్తే జీవుల గడి ఎందుకలా ఉందో తెలియాలి, లేకపోతే రెండు గడులూ రెండు సరుకుల చీటీలే.

అసలు గొడవ రాలిన వేపాకు దగ్గర మొదలైంది. ప్రాణం ఉన్నదా, లేనిదా? నత్త గుల్ల, కాకి ఈక, అన్నం మెతుకు ఎక్కడ రాయాలి? చివరికి "ఒకప్పుడు ప్రాణం ఉన్నవి" అని వాళ్లే మూడో గడి గీసుకున్నారు. వేప గింజ మాత్రం అందులో వేయనివ్వలేదు, తడి తగిలితే మొలిచేదాన్ని చనిపోయిందని ఎలా అంటాం? ఇంతలో ఒకమ్మాయి, మనం కట్టిన పురికొస కూడా జనుమే కదా మేడం, అదీ రాయాలా అంది. రాయమన్నాను.

పుల్లలు పీకలేదు, చలికాలంలో అవే చోట్లు మళ్లీ చూద్దామని. అప్పటిదాకా గ్రౌండ్ శుభ్రం చేసేవాళ్లు ఆ రెండు చదరాల జోలికి రాకుండా చూసే డ్యూటీ వెనక బెంచీవాడిదే.