నూటికి ఇరవై పైసల వడ్డీ

మా కోనసీమలో వడ్డీ అంటే ఎవరైనా రూపాయల్లోనే చెబుతారు. రెండు రూపాయల వడ్డీ అంటే నూటికి నెలకు రెండు, ఏడాదికి 24 శాతం. బ్యాంకులేమో ఏడాది లెక్క చెప్పి మనల్ని తికమక పెడతాయి. అందుకే ఏ ఆఫర్ చూసినా నేను ముందు మన లెక్కలోకి మార్చుకుంటాను. స్టేట్ బ్యాంకు 2025 జూన్‌లో సేవింగ్స్ వడ్డీని రెండున్నర శాతానికి తగ్గించింది కదా, అంటే నూటికి నెలకు ఇరవై పైసల చిల్లర. లక్ష రూపాయలు నెలంతా కదలకుండా ఉంటే వచ్చేది రెండొందల పైచిలుకు, ఓ కేజీ చికెన్‌కి సరిపోతుందేమో.

మా మేనల్లుడు ఇంగ్లండులో ఉంటాడు. "అత్తా, ఇక్కడ కరెంట్ అకౌంట్‌కే వడ్డీ ఇచ్చి, పైగా బిల్లులు కడితే క్యాష్‌బ్యాక్ ఇస్తారు, మీకెందుకు ఉండదు?" అంటాడు. వాడు చెప్పింది నిజమే. అక్కడ శాంటాండర్ బ్యాంకు 2012లో వన్ టూ త్రీ అని ఒక ఖాతా పెట్టింది, 20 వేల పౌండ్ల దాకా 3 శాతం వడ్డీ, నీళ్ళ బిల్లు మీద 1, కరెంటు, గ్యాస్ మీద 2, ఫోన్ మీద 3 శాతం వెనక్కి. కానీ 2016 మొదట్లో నెల ఫీజు 2 పౌండ్ల నుంచి 5కి పెంచారు, అదే ఏడాది నవంబరులో వడ్డీ సగానికి కోశారు. ఆఫర్లన్నీ ఇంతే, మనం అలవాటు పడే దాకానే తీపి.

మన దగ్గర కరెంట్ ఖాతా అంటే వ్యాపారస్తులది, దానికి వడ్డీ ఇవ్వకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన. ఇంటి డబ్బుకు సేవింగ్స్ ఖాతానే దిక్కు. అది కూడా ఒకప్పుడు ఇంకో రకంగా ఉండేది, పదో తారీఖు నుంచి నెలాఖరు దాకా ఖాతాలో ఎప్పుడు తక్కువ ఉంటే దాని మీదే వడ్డీ కట్టేవారు. మా మావయ్యగారు డబ్బు వేయాలంటే పదో తారీఖులోపే పరుగెత్తేవారు, ఇప్పటికీ ఆ తొందర పోలేదు. 2010 ఏప్రిల్ నుంచి ఏ రోజు నిల్వకు ఆ రోజే లెక్క, కాబట్టి పరుగులు అక్కర్లేదని ఎన్నిసార్లు చెప్పినా వినరు.

అసలు మన డెల్టాలో చిక్కేమిటంటే డబ్బు నెలజీతంలా రాదు. దాళ్వా (రబీ) ధాన్యం డబ్బు ఒక్కసారి పడుతుంది, కొబ్బరి దింపు తీయించినప్పుడు అంబాజీపేట వ్యాపారి ఇచ్చింది ఇంకొంత, చెరువు లీజుకిచ్చిన వాళ్ళకైతే ఏడాదికోసారి. జూన్‌లో పిల్లల ఫీజులు, సార్వా (ఖరీఫ్) దమ్ములు, ఎరువులు మొదలయ్యే దాకా అదంతా ఆ ఇరవై పైసల వడ్డీకి పడుంటుంది. దీనికి నాకు నచ్చిన మార్గం ఆటో స్వీప్. మనం పెట్టుకున్న హద్దు దాటిన డబ్బు దానంతటదే ఫిక్స్‌డ్ డిపాజిట్‌గా మారుతుంది, ఖాతాలో తగ్గితే కావలసినంత ముక్కే విరిగి వెనక్కి వస్తుంది, మిగతాది కదలదు. అయితే కౌంటర్ దగ్గర చెప్పరు గానీ ఒకటి గమనించాలి: మధ్యలో విరిగిన ముక్కకు ఏడాది రేటు రాదు, అది ఉన్న రోజులకు వర్తించే తక్కువ రేటే ఇస్తారు, అందులో కూడా కొంత కోత. వారం లోపే తీస్తే ఏమీ రాదు. కాబట్టి రెండు మూడు వారాల్లో ఖర్చయ్యే డబ్బును స్వీప్‌లో పెట్టి మురిసిపోనక్కర్లేదు. నాలుగైదు నెలలు ఉండే డబ్బుకైతే తేడా బాగానే కనిపిస్తుంది. పన్ను కట్టేవాళ్ళు ఇంకోటి చూసుకోవాలి, పాత పన్ను పద్ధతిలో సేవింగ్స్ వడ్డీకి ఉన్న 10 వేల మినహాయింపు ఈ స్వీప్ వడ్డీకి వర్తించదు.

క్యాష్‌బ్యాక్ సంగతికొస్తే, కరెంటు బిల్లు పన్నెండొందలు కడితే ఒక శాతం లెక్కన పన్నెండు రూపాయలు. వస్తే తీసుకుంటాను, దాని కోసం కొత్త యాప్ మాత్రం ఎక్కించను. క్రెడిట్ కార్డు మీద వచ్చేది కొంచెం ఎక్కువే, ఇప్పుడు రూపే కార్డును యూపీఐకి కలిపి కిరాణా కొట్లో కూడా స్కాన్ చేసి కడుతున్నారు. గడువులోగా మొత్తం కట్టేస్తే హాయి. బిల్లులో మినిమమ్ డ్యూ అని రాసిన కనీస మొత్తం మాత్రమే కట్టి ఊరుకుంటే చాలా కార్డులకు వడ్డీ నెలకు మూడున్నర శాతం, అంతకు పైన కూడా ఉంటుంది, పైగా తర్వాత కొన్న వాటికి కూడా గడువు ఇవ్వకుండా మొదటి రోజు నుంచే వడ్డీ మొదలు. మన లెక్కలో మూడున్నర రూపాయల వడ్డీ! మా ఊళ్ళో రెండు రూపాయలు తీసుకునే ఆయన్ని అందరూ పిశాచం అంటారు, కార్డునేమో ముద్దుగా పర్సులో దాచుకుంటారు.

వీటన్నిటికన్నా పెద్ద మొత్తం మిగిలేది పంట రుణం దగ్గర. కిసాన్ క్రెడిట్ కార్డు మీద 3 లక్షల దాకా వడ్డీ 7 శాతం, ఏడాది లోపు కట్టేస్తే కేంద్రం ఇంకో 3 శాతం భరిస్తుంది, మనకు పడేది 4. మూడు లక్షల మీద ఆ తేడా 9 వేలు. ధాన్యం డబ్బు ఆలస్యమైందని గడువు దాటనిస్తే ఆ 9 వేలు పోయినట్టే. పది రోజులకు చేబదులు తెచ్చి రెండు రూపాయల వడ్డీ ఇచ్చినా 2 వేలే అవుతుంది, అందుకే మా ఇంట్లో అప్పు తెచ్చయినా ఆ తారీఖు దాటనివ్వం, డబ్బు పడగానే చేబదులు ముందు తీర్చేస్తాం. ఏడాది మొత్తం బిల్లుల మీద క్యాష్‌బ్యాక్ ఏరుకున్నా ఆ 9 వేలకు దరిదాపుల్లోకి రాదు.

పోస్టాఫీసు సేవింగ్స్‌కి ఇప్పటికీ 4 శాతం ఉంది, అత్తయ్యగారి డబ్బు అక్కడే, ఆవిడ మందుల ఖర్చుకు అది చాలు కాబట్టి నేను కదపను. స్వీప్ పెట్టించుకోవాలనుకునే వాళ్ళు హద్దు ఎంతో, ఎన్నాళ్ళకు డిపాజిట్ వేస్తారో, విరిస్తే కోత ఎంతో ఈ మూడూ అడిగి రాయించుకోండి. పాస్‌బుక్, పాన్ కార్డు పట్టుకెళ్ళండి. పెన్షన్ల హడావుడి ఉండే నెల మొదటి వారంలో మాత్రం వెళ్ళకండి, ఎవరూ మీ మాట వినరు.