మధ్యాహ్నం కోసిన మందారాకు

చెన్నైలో పానగల్ పార్కు దాటి సైకిలు తొక్కుకుంటూ మన బడికి వచ్చిన రోజుల్లో నాకు అన్నిటికన్నా బాగా గుర్తున్నది, పదో తరగతిలో ఫలితం రాని ఒక ప్రయోగం.

కార్తీకమాసం వానలు వెలిసిన మర్నాడు. మొదటి పీరియడ్ సైన్సు. గేటు పక్కనున్న మందార చెట్టు ఆకు నేనే కోసుకొచ్చాను. నీళ్లలో ఉడికించాం. తర్వాత స్పిరిట్ పోసిన గాజు గొట్టంలో వేసి, దాన్ని వేడినీళ్ల గిన్నెలో నిలబెట్టాం. స్పిరిట్‌కు నేరుగా మంట తగలకూడదని మాస్టారు పదేపదే హెచ్చరించేవారు. పత్రహరితమంతా స్పిరిట్‌లోకి దిగిపోయి ఆకు పాలిపోయింది. కడిగి అయోడిన్ వేశాం. ఆకులో పిండిపదార్థం ఉంటే నీలినలుపు రావాలి. రాలేదు. గోధుమరంగు మరక, అంతే. నాకు ఏడుపొచ్చేసింది.

"ఏడుస్తావేంటమ్మాయ్? పగలు చేసుకున్న పిండిపదార్థాన్ని చెట్టు రాత్రంతా వాడుకుంది. ఎండ తగలనీ, మధ్యాహ్నం మళ్లీ కోద్దాం" అన్నారు మాస్టారు. అప్పుడే ఇంకో ఆకుకు నల్లకాగితం పట్టీ చుట్టించారు.

మూడు గంటలకు ఆ ఆకు కోశాం. అయోడిన్ పడగానే చుట్టూ నల్లబడింది. పట్టీ ఉన్న మేర మాత్రం పొద్దుటి గోధుమరంగే! ఎండ అక్కడ పడలేదని ఆకే గీత గీసి చూపించింది.

చెట్టు వదిలే ఆక్సిజన్ ఎక్కణ్ణించి వస్తుందని మాస్టారు అడిగితే, "కార్బన్ డయాక్సైడ్ నుంచి" అన్నాను. కాదు, నీటి నుంచి అన్నారు. 1941లో రూబెన్, కామెన్ అనే శాస్త్రవేత్తలు బరువైన ఆక్సిజన్-18 కలిసిన నీటిని క్లోరెల్లా నాచుకిస్తే, వెలువడిన వాయువులో అదే కనబడిందట.

కాలేజీలో వృక్షశాస్త్రం చదివాక ఆ నలుపు వెనక ఎంత పని జరిగిందో తెలిసింది. పత్రహరితం ముఖ్యంగా ఎరుపు, నీలం వెలుగును పట్టుకుంటుంది. ఆ బలానికి దానిలోని ఎలక్ట్రాన్ ఎగిరిపోతుంది. ఆ ఖాళీ పూడ్చడానికి మాంగనీసు పరమాణువులున్న చిన్న గుంపు నీటిని చీలుస్తుంది. ఎలక్ట్రాన్లు చేతులు మారుతూ పోతుంటే, పత్రహరితముండే పొర లోపల ప్రోటాన్లు పోగుపడతాయి. అవి బయటికి వస్తూ ఒక ఎంజైమును చక్రంలా తిప్పుతాయి, కణానికి శక్తినందించే ఏటీపీ అనే అణువు తయారవుతుంది. ఆ ఏటీపీ, ఎలక్ట్రాన్లను అందుకున్న ఎన్‌ఏడీపీహెచ్ అనే ఇంకో అణువు కలిసి కార్బన్ డయాక్సైడును చక్కెరగా మార్చే పనికి శక్తినిస్తాయి. అరచేతిలో పట్టే ఆకులో ఇంత యంత్రాంగం ఉందని తలచుకుంటే నాకు ఇవాళ్టికీ ఒళ్లు పులకరిస్తుంది.

రికార్డులో మాస్టారు నాచేత రెండు బొమ్మలూ వేయించారు, పొద్దుటి ఆకును కొట్టేయనివ్వలేదు. ఆ పుస్తకం నా దగ్గర భద్రంగా ఉంది. ఎడమ పేజీలో గోధుమరంగు ఆకు, కుడి పేజీలో నల్లటి ఆకు, దాని నడుమ తెల్లగా వదిలిన పట్టీ.