హారం చూడకుండా లెక్క చెప్పొద్దండీ

అమలాపురం టీ కొట్టు దగ్గర మళ్ళీ అదే వాదన: "కోవిడ్ టీకా వేసుకున్నోళ్ళే ఎక్కువమంది పోయారండీ!" ఓ ఊళ్ళో పెద్దవాళ్ళు 1000 మంది అనుకుందాం. టీకా వేయించుకున్న 900 మందిలో 9 మంది పోయారు, వేయించుకోని 100 మందిలో 5 మంది. తొమ్మిదే ఎక్కువ, నిజమే. కానీ నూటికి చూస్తే టీకా వేయించుకున్నవాళ్ళలో 1, వేయించుకోనివాళ్ళలో 5. కాగితం మీద వేసి చూడండి.

కోవిడ్ మరణాల రేటూ ఇంతే. 2020 మార్చిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన 3.4 శాతం పరీక్షలో తేలిన కేసుల మీద లెక్క. 2021 జూన్, జూలైల్లో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) సర్వే చేస్తే, టీకా వేయించుకోనివాళ్ళలోనే 62.3 శాతం మందికి యాంటీబాడీలు, అంటే అప్పటికే వైరస్ సోకిందని రక్తంలో చూపే గుర్తులు, ఉన్నాయి. అంటే హారం, భిన్నంలో కిందుండే అంకె (ఇక్కడ సోకినవాళ్ళ సంఖ్య), ఎంతో పెద్దది. పైనున్న లవమూ, అంటే మరణాల సంఖ్యా, తక్కువే పడింది. పరీక్ష జరగకుండా ఇంట్లోనే పోయినవాళ్ళు లెక్కకెక్కలేదు. వాళ్ళని మరిచి రేటు చెప్పడం అన్యాయం.

ఇక "శాస్త్రం మాట మార్చింది" అనే మాట. కోవిషీల్డ్ అనే కోవిడ్ టీకా రెండు డోసుల మధ్య ఎడం మొదట 4–6 వారాలు, తర్వాత 6–8, 2021 మేలో 12–16. ఎడం పెరిగితే యాంటీబాడీలు బాగా పెరుగుతాయని ట్రయల్స్‌లో తేలింది. కాలువకి నీళ్ళొచ్చే తేదీ మారితే మన రైతు నారు పోసే తేదీ మార్చుకోడూ?

వాట్సాప్‌లో ఇలాంటి అంకె వస్తే ముందు హారం ఎంతో చూసి, వయసులవారీగా కూడా విడగొట్టి చూడండి; ముసలివాళ్ళకి ప్రమాదం ఎక్కువ కదా.