ఎర్త్ లేని చోట మొరాయించే ఛార్జరే కొన్నాను

మేము కొన్నది వాడిన కారు. 2020లో విడుదలైన టాటా నెక్సాన్ ఈవీ, తొలి తరానిది. బ్యాటరీ 30.2 కిలోవాట్ అవర్లు, అంటే 30.2 యూనిట్లు. బండి బాగానే ఉంది కానీ దానితో ఇచ్చిన పోర్టబుల్ ఛార్జరు ప్లగ్గు మాత్రం కాలి గోధుమ రంగుకు తిరిగింది, ఒక పిన్ను చుట్టూ ప్లాస్టిక్ కరిగి ఉంది. పాత యజమాని దాన్ని వదులుగా ఉన్న సాకెట్లో పెట్టి రాత్రంతా వాడేవారట. కాబట్టి కొత్త ఛార్జరు కొనక తప్పలేదు. కేబుల్ కొనడమే కదా అనుకునేవాళ్ళకు చెప్పాలని ఇది రాస్తున్నాను. డబ్బు ఛార్జరుకు పెట్టాలి, ఆలోచన మాత్రం గోడకు పెట్టాలి.

మేము గుంటూరులో అద్దె ఇంట్లో ఉంటాము. అమ్మానాన్నలు రేపల్లె దగ్గర పల్లెలో ఉంటారు. తెనాలి మీదుగా వెళ్తే సుమారు 60 కిలోమీటర్లు. సెలవు దొరికితే అక్కడికే వెళ్తాము. గోడకు బిగించే వాల్ బాక్స్ అద్దె ఇంట్లో పెట్టుకుని, రేపు ఇల్లు మారితే ఊడబీకడం నాకు నచ్చలేదు. పైగా పల్లెలో కూడా ఛార్జింగ్ కావాలి. రెండు చోట్లకూ పనికొచ్చేది పోర్టబుల్ ఒక్కటే.

దుకాణంలో అడిగితే మొదట చూపించింది 7.2 కిలోవాట్లది. "రెట్టింపు వేగం సార్, రేపు పెద్ద కారు కొన్నా పనికొస్తుంది" అన్నారు. మా కారుకు ఆ వేగం రాదు. ఇంటి కరెంటు ఏసీ (దిశ మారుతూ ఉండేది), బ్యాటరీకి కావలసింది డీసీ (ఒకే దిశలో పారేది). ఆ మార్పిడి జరిగేది మనం కొనే పెట్టెలో కాదు, కారు లోపల ఉండే ఆన్‌బోర్డ్ ఛార్జరులో. మా బండిలో దాని సామర్థ్యం 3.3 కిలోవాట్లు. బయట ఎంత పెద్దది తగిలించినా లోపలికి తీసుకునేది అంతే. మన చేతిలోని పెట్టె చేసేది కావలివాడి పని. ఎర్త్ ఉందా, లీకేజీ (కరెంటు దారి తప్పి పారడం) ఉందా, వేడి పెరిగిందా అని చూసి, ఇంత కరెంటు వరకు తీసుకోవచ్చని కారుకు చెబుతుంది. సన్నని తీగ మీదుగా సెకనుకు వెయ్యిసార్లు వచ్చే సంకేతంతో ఆ మాట చెబుతుంది, కారు దాన్ని దాటదు. అందుకే వేగం కోసం ఎక్కువ డబ్బు పెట్టదలచుకోలేదు. కాపలా బాగా కాసేదాని కోసం పెట్టాలనుకున్నాను.

పైగా 7.2 కిలోవాట్ల రకానికి 32 ఆంపియర్ల నీలం రంగు ఇండస్ట్రియల్ ప్లగ్గు ఉంటుంది. దానికి మామూలు 16 ఆంపియర్ల అడాప్టరు కలిపి ఇస్తారు. ఆ అడాప్టరును ఛార్జరు గుర్తుపట్టి తనంతట తాను కరెంటు తగ్గిస్తే సరే. గుర్తుపట్టకపోతే, రేపు కొనే పెద్ద కారు ఎయిర్ కండిషనరు కోసం పెట్టిన సాకెట్ నుంచి 32 ఆంపియర్లు లాగే ప్రయత్నం చేస్తుంది. ఈ ప్రశ్న అడిగితే అమ్మే కుర్రవాడికి జవాబు తెలియలేదు. అక్కడితో ఆ రకాన్ని పక్కన పెట్టాను.

తర్వాత మా అవసరం లెక్క వేసుకున్నాను. ఆఫీసు, పిల్లల బడి, కూరగాయల మార్కెట్ కలిపి రోజుకు 40, 50 కిలోమీటర్లు మించదు. యూనిట్‌కు ఏడు కిలోమీటర్ల చొప్పున చూసుకుంటే ఏడు యూనిట్లు చాలు. 10 ఆంపియర్ల దగ్గర 230 వోల్టులకు 2.3 కిలోవాట్లు వస్తాయి. మార్పిడిలో పోయే నష్టం కలిపినా మూడున్నర గంటల పని. బ్యాటరీ అడుగంటిన రోజున మాత్రం, నష్టం కలపకుండానే 10 ఆంపియర్లతో పదమూడు గంటలు పడుతుంది, 15 ఆంపియర్లతో తొమ్మిది గంటలు. అలాంటి రోజులు ఎన్ని వస్తాయి? ఈ లెక్క తేలాక మనసు కుదుటపడింది. నాకు కావలసింది కరెంటును తగ్గించుకునే వీలున్న ఛార్జరు. 6, 8, 10, 13, 16 అని మీట నొక్కి మార్చుకునేవి దొరుకుతున్నాయి.

తగ్గించుకోవడం ఎందుకంటే, మన ఇళ్ళలో ఏ పరికరమూ కారులా కరెంటు వాడదు. గీజరు పావుగంటలో ఆగిపోతుంది. ఏసీ కంప్రెసరు ఆగుతూ సాగుతూ నడుస్తుంది. కారు మాత్రం ఒకే బరువును ఎడతెరిపి లేకుండా రాత్రంతా లాగుతుంది. సాకెట్ లోపలి ఇత్తడి పట్టు కాస్త వదులైనా అక్కడ వేడి పుడుతుంది, వేడికి పట్టు ఇంకా వదులవుతుంది. మా పాత ప్లగ్గు కాలింది ఇలాగే.

గుంటూరు ఇంట్లో పోర్టికో దగ్గర ఒక పవర్ సాకెట్ ఉంది. ఎలక్ట్రీషియన్ విప్పి చూస్తే 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు, అదే లైను మీద స్నానాలగది గీజరు కూడా ఉంది. రెండూ ఒకేసారి నడిస్తే వైరు తట్టుకోదు. ఇంటి ఓనరు గారితో మాట్లాడాను. ఆయన భయం వైరింగ్ గురించి కాదు, బిల్లు గురించి. గృహ వినియోగంలో యూనిట్లు పెరిగేకొద్దీ స్లాబు మారి రేటు పెరుగుతుంది కదా. "బాబాయి గారూ, కారు లైనుకు విడిగా చిన్న మీటరు పెట్టిస్తాను, స్లాబు తేడా కూడా నేనే కడతాను" అంటే ఒప్పుకున్నారు. ఇంటి కనెక్షన్ నుంచే సొంత కారును ఛార్జ్ చేసుకోవచ్చని కేంద్ర విద్యుత్ శాఖ మార్గదర్శకాలలోనే ఉందని చెప్పాక ఆయన సందేహం పూర్తిగా తీరింది. డిస్ట్రిబ్యూషన్ బోర్డు నుంచి నేరుగా 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు లాగించాను. కొత్త 16 ఆంపియర్ల సాకెట్ పెట్టించాను.

అసలు కథ పల్లెలో. అక్కడ వరండా గోడకు మూడు రంధ్రాల సాకెట్ ఉంది. ఎలక్ట్రీషియన్ మల్టీమీటరుతో కొలిచాడు. ఫేజుకు (కరెంటు వచ్చే తీగ) న్యూట్రలుకు (తిరిగి వెళ్ళే తీగ) మధ్య వోల్టేజీ సరిగానే ఉంది. ఫేజుకు ఎర్త్‌కు మధ్య కూడా దాదాపు అంతే రావాలి, కానీ అంకె ఒక చోట నిలవకుండా తిరుగుతోంది. సాకెట్ విప్పితే పై రంధ్రం వెనక వైరే లేదు. ఇల్లు కట్టినప్పటి నుంచి ఎర్త్ లేదు. "నలభై ఏళ్ళుగా ఉంటున్నాం, ఎవరికీ షాక్ కొట్టలేదురా" అన్నారు నాన్న.

ఎలక్ట్రీషియన్ మరో ఉపాయం చెప్పాడు. "సార్, ఎర్త్ లేకపోతే ఛార్జరు ఎర్ర లైటు వేసి ఆగిపోతుంది. ప్లగ్గులో న్యూట్రలును ఎర్త్‌కు కలుపుతూ చిన్న వైరు ముక్క వేస్తే దానికి తెలియదు. అందరికీ అలాగే చేస్తున్నాను." ఈ మాట ఊరూరా వినిపిస్తోంది. కొన్ని ఛార్జర్లలోనైతే ఎర్త్ పరీక్షను ఆపేసే మీటే పెట్టి అమ్ముతున్నారు. దీన్ని నేను గట్టిగా వ్యతిరేకిస్తాను. కారు లోహపు ఒళ్ళంతా ఎర్త్ తీగకు కలిసి ఉంటుంది. న్యూట్రలును దానికి ముడివేశాక, ఇంట్లో ఎక్కడో న్యూట్రలు తెగిందనుకోండి. వెలుగుతున్న బల్బు ద్వారా, తిరుగుతున్న ఫ్యాను ద్వారా వచ్చిన 230 వోల్టులు వెనక్కి పోయే దారి లేక నేరుగా కారు తలుపు మీదకు వస్తాయి. ఫేజు, న్యూట్రలు తారుమారైన సాకెట్లు మన ఇళ్ళలో కోకొల్లలు. అలాంటి చోట ఈ వైరు ముక్క వేస్తే, తెగడం దాకా కూడా అక్కర్లేదు, పెట్టిన క్షణంలోనే కారు ఒంటికి కరెంటు వస్తుంది. తెల్లవారుజామున కళ్ళాపి చల్లిన నేల మీద చెప్పులు లేకుండా నడిచే మా అమ్మ ఆ కారు పక్క నుంచే వెళ్ళాలి. ఇదంతా నాన్నకు విడమరిచి చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, "అయితే గొయ్యి తవ్విద్దాం" అన్నారు.

ఇంటి వెనక కొబ్బరి చెట్టు దగ్గర గొయ్యి తీయించి, జీఐ (జింకు పూత వేసిన ఇనుప) పైపు దించి, చుట్టూ బొగ్గు, ఉప్పు పొరలుగా నింపించాము. డెల్టా నేల కాబట్టి ఎప్పుడూ చెమ్మగానే ఉంటుంది, ఎర్త్‌కు అంతకన్నా మంచి నేల దొరకదు. పరీక్షిస్తే నిరోధం 5 ఓములకు లోపే వచ్చింది. ఇక్కడ చాలామంది ఆగిపోతారు, ఆగకూడదు. 5 ఓముల ఎర్త్ ఉన్నప్పుడు ఫేజు కారు ఒంటికి తగిలితే పారేది 46 ఆంపియర్లు. మామూలుగా దొరికే సి రకం 20 ఆంపియర్ల ఎంసీబీ (కరెంటు మితిమీరితే తనంతట తాను పడిపోయే స్విచ్చు) వెంటనే పడిపోవాలంటే 100 ఆంపియర్లకు పైగా కావాలి. అంటే ఎంసీబీ ఒక్కటే ఉంటే ప్రమాదం సెకన్ల కొద్దీ, ఇంకా ఎక్కువసేపు కూడా కొనసాగుతుంది. అందుకే 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే పడిపోయే ఆర్‌సీబీఓ పెట్టించాను, రెండు ఇళ్ళలోనూ. అందులో టైప్ ఏసీ (AC) కాకుండా టైప్ ఏ (A) అడిగి తీసుకోవాలి. కారులోని ఎలక్ట్రానిక్ సర్క్యూట్ల నుంచి వచ్చే లీకేజీని టైప్ ఏసీ సరిగా పసిగట్టలేదు.

గోడలు సిద్ధమయ్యాక ఛార్జరు ఎంపిక తేలికైంది. కారు వైపు టైప్ 2 కనెక్టరు ఉండాలి, మన దేశంలో ఇప్పుడు వచ్చే కార్లన్నిటికీ దాదాపు అదే. గోడ వైపు మన 16 ఆంపియర్ల మూడు పిన్నుల ప్లగ్గు కేబుల్‌తో కలిపి పోతపోసి ఉండాలి. ఇంటర్నెట్‌లో చవకగా కనిపించే కొన్నింటికి యూరప్ గుండ్రటి ప్లగ్గు ఉండి, మధ్యలో ఇంకో అడాప్టరు పెట్టమంటారు. అతుకు పెరిగినకొద్దీ వేడి పుట్టే చోటు పెరుగుతుంది కాబట్టి వాటిని వద్దనుకున్నాను. ఐఈసీ 62752 ప్రమాణం పాటిస్తున్నట్టు పెట్టె మీద రాసి ఉందో లేదో చూశాను. పోర్టబుల్ ఛార్జరులో ఉండే రక్షణ పెట్టెకు సంబంధించిన ప్రమాణం అదే. 6 మిల్లీ ఆంపియర్ల డీసీ లీకేజీని కూడా కనిపెట్టాలని అది చెబుతుంది. ప్లగ్గు లోపల వేడిని కొలిచే సెన్సరు ఉన్నదాన్నే ఎంచుకున్నాను, కాలిన ప్లగ్గును కళ్ళారా చూశాక దాని విలువ తెలిసింది. ఫోను యాప్, వైఫై ఉన్న రకానికి ధర ఎక్కువ. వాటి వల్ల భద్రత పెరగదు కాబట్టి తీసుకోలేదు. కేబుల్ ఐదు మీటర్లు. ఎక్స్‌టెన్షన్ బాక్సు వాడే అవసరం రాకూడదు కాబట్టి, కారు నిలిపే చోటు నుంచి సాకెట్ దాకా ముందే టేపుతో కొలిచి పెట్టుకున్నాను.

డబ్బు చెల్లించే ముందు దుకాణదారును ఒకటే అడిగాను, ఎర్త్ లేని సాకెట్లో పెట్టి చూపించమని. ఆయన కాస్త ఆశ్చర్యపోయినా, ఎర్త్ తీసేసిన బోర్డులో పెట్టి చూపించారు. ఎర్ర లైటు వెలిగి ఛార్జరు ఆగిపోయింది. ఆ పరీక్షను ఆపేసే మీట కూడా దానికి లేదని తేల్చుకుని కొన్నాను.

గుంటూరులో మొదటిసారి పెట్టినప్పుడు గంట తర్వాత ప్లగ్గు మీద చెయ్యి పెట్టి చూశాను. గోరువెచ్చగా ఉంది. చెయ్యి పెట్టలేనంత వేడి ఉంటే వెంటనే ఆపేసి సాకెట్ మార్చాలి. ఇప్పుడు అక్కడ 13 దగ్గర, పల్లెలో 10 దగ్గర ఉంచుతున్నాను. పల్లెలో వేసవి సాయంత్రాలు వోల్టేజీ 190కి దిగుతుంది, అప్పుడు 10 ఆంపియర్లకు 1.9 కిలోవాట్లే వస్తాయి. అందరూ పడుకున్నాక పెడితే వోల్టేజీ కోలుకుంటుంది. కరెంటు పోయినప్పుడు ఇన్వర్టరు లైను మీద మాత్రం పెట్టకూడదు. ఆ బరువు అది మోయలేదు, ఎర్త్ సరిగా లేదని ఛార్జరు కూడా చాలాసార్లు ఒప్పుకోదు. పెట్టె వానకు తట్టుకుంటుంది కానీ గోడ ప్లగ్గు తట్టుకోదు, అందుకే సాకెట్ సజ్జ కిందే ఉండాలి.

పల్లె ఇంటి మంజూరు లోడు (ఒకేసారి ఎంత కరెంటు వాడుకోవచ్చని విద్యుత్ సంస్థ ఇచ్చిన అనుమతి) పాతకాలపుది, కారుకు చాలదు. అదనపు లోడుకు దరఖాస్తు ఇచ్చాము. ఎండాకాలంలో ఎర్త్ గొయ్యిలో నీళ్ళు పోయడం, నెలకోసారి ఆర్‌సీబీఓ టెస్ట్ బటన్ నొక్కి పడుతోందో లేదో చూడడం నాన్న తన పనిగా పెట్టుకున్నారు.